నలభై ఏడో సూది

నేను ఒక సూదుల కట్టర్ని. ఆసుపత్రిలో వాడేసిన సూదిని నా నెత్తి మీది చిల్లులో దూర్చి, పక్కనున్న పిడిని నొక్కితే లోపలి బ్లేడు దాన్ని తుంచేస్తుంది. సూది నా పొట్టలో పడుతుంది, సిరంజి బయట మిగిలిపోతుంది. చూడబోతే నా బతుకంతా ఇంతే. నాకు నోరుంది గాని అది మింగడానికే, చెప్పడానికి కాదు. చెప్పగలిగి ఉంటే ఒక మనిషికి ఇరవై మూడు గంటల నరకం తప్పేది. ఆ సంగతి చెప్పడానికే ఈ పాతసామాన్ల గదిలోంచి మిమ్మల్ని పలకరిస్తున్నాను.

ముందే ఒక మాట. నాది అనుమానపు పుట్టుక. హైదరాబాదులో బాలానగర్ వైపు ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేశారు. నన్ను బిగించినాయన నాలుగో మర సరిగ్గా ఎక్కకపోతే దాని నెత్తిన సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. తర్వాత ‘పరీక్షించబడినది’ అన్న చీటీ నా వీపున అంటించి టీ తాగడానికి వెళ్లిపోయాడు. నన్ను ఎవరు పరీక్షించారో, ఎప్పుడు పరీక్షించారో నాకైతే తెలియదు. మరి నేను అక్కడే ఉన్నాను కదా! ఆ పూట నుంచీ మనుషులు అంటించే చీటీలను నమ్మడం మానేశాను.

నన్ను కొన్నది గోదావరి ఒడ్డున, బొగ్గుబావుల ఊళ్లో, అరవై పడకల ఒక ప్రైవేటు ఆసుపత్రి. పేరు చెప్పను, చెబితే భుజాలు తడుముకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడి మేనేజరు వేణుమాధవ్ నన్ను చూసి ముచ్చటపడ్డాడు. ముచ్చటపడి, మీద ఉన్న ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా తన గది బీరువాలో పెట్టి తాళం వేశాడు. వాడితే పాడైపోతానట. తనిఖీవాళ్లు వచ్చే రోజు పొద్దున బయటికి తీసి, స్త్రీల వార్డులో మందుల ట్రాలీ మీద కూర్చోబెట్టేవాడు. వాళ్లు నన్ను చూసి తల ఊపేవాళ్లు. సాయంత్రానికి మళ్లీ బీరువా. ఏడాదికోసారి దసరాకు మాత్రం ఆయుధపూజ అని నాకు గంధం, కుంకుమ పెట్టి, పక్కన ఒక నిమ్మకాయ ఉంచేవారు. అలా ఒక్క సూదీ మింగకుండానే మూడు దసరాలు మొక్కులందుకున్నాను.

బీరువాలో నాకు తోడు ప్రమాదాల రిజిస్టరు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు సూది గుచ్చుకున్నా, కాలు జారినా, యాసిడ్ మీద పడినా అందులో రాయాలి. ప్రతి నెలకూ ఒక పేజీ, ప్రతి పేజీలో ‘ఏమీ లేవు’ అన్న రెండే మాటలు. అక్కడితో ఆగితే సరే అనుకుందును. వేణుమాధవ్ జూన్‌లో కూర్చుని జూలై పేజీ, ఆగస్టు పేజీ కూడా నింపేసేవాడు. రాబోయే నెలల్లో ఎవరికీ ఏమీ కాదని ముందే తెలిసిన మనిషిని నేను మరొకర్ని చూడలేదు.

నాలుగో ఏడు ఓదెలు వచ్చాడు. ముప్పై ఆరేళ్లు బొగ్గుబావిలో పనిచేసి, చివరి పన్నెండేళ్లూ భద్రత చూసి రిటైరైన మనిషి. నల్లటి ఒళ్లు, తెల్లటి మీసం, చెవి కొంచెం మందం. తనిఖీవాళ్లు సేఫ్టీ ఆఫీసరు పేరు బోర్డు మీద ఉండాలన్నారని వేణుమాధవ్ ఆయన్ను పెట్టుకున్నాడు. పేరు బోర్డు మీద ఉంటే చాలు, మనిషి కుర్చీలో ఉంటే చాలు అన్నది ఒప్పందం. ఓదెలు ఆ ఒప్పందాన్ని సరిగ్గా అర్థం చేసుకోలేదు. మొదటిరోజే బీరువా తెరిపించి, నన్ను బయటికి తీసి, నా ప్లాస్టిక్ కవరు చింపేశాడు. మూడేళ్లు దాటాక నాకు గాలి తగిలింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఇంకేదో తనిఖీ వస్తోంది కాబోలు అనుకున్నాను.

తనిఖీ రాలేదు. నేను స్త్రీల వార్డులో ట్రాలీ మీదే ఉండిపోయాను. మరుసటి వారం ఓదెలు ఎక్కడినుంచో ఒక చిన్న మీటరు తెచ్చి నా పిడికి బిగించాడు. బావిలో బొగ్గుతొట్లు పైకి వస్తుంటే లెక్కపెట్టే రకం. పిడి నొక్కినప్పుడల్లా టక్కున ఒక అంకె పెరుగుతుంది. వార్డు హెడ్ నర్సు సలోమి సిస్టర్ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

“గిదెందుకు సార్? మమ్ముల నమ్మరా?” అంది.

“నమ్ముడు, నమ్మకపోవుడు కాదు సిస్టరమ్మా. బాయిల దిగేటోడు ల్యాంపు రూముల తన నంబరు బిళ్ల ఇచ్చి ల్యాంపు తీసుకుంటడు. పైకొచ్చి ల్యాంపు ఇచ్చి బిళ్ల తీసుకుంటడు. షిఫ్టు అయినంక బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలిందనుకో, ఒక మనిషి ఇంక కిందనే ఉన్నట్టు. దొరికేదాక ఎవ్వలు ఇంటికి పోరు. సూది గూడ గంతే. పోయినన్ని రావాలె.”

లెక్క సులువైనదే. షిఫ్టు మొదట్లో మీటరును సున్నాకు తిప్పుతారు, స్టోరు నుంచి అరవై సిరంజీలు వస్తాయి. చివర్లో మిగిలినవి తీసేస్తే వాడినవి ఎన్నో తేలుతుంది. నా మీటరు కూడా అదే చెప్పాలి. మొదటి పదిరోజులూ ఎప్పుడూ చెప్పలేదు. నలభై వాడితే ముప్పై మూడు, యాభై వాడితే నలభై ఒకటి. తక్కినవి ఎటుపోతున్నాయో నాకు ట్రాలీ మీది నుంచి కనబడుతూనే ఉండేది. ట్రాలీకి ముందు చక్రం ఒకటి విరిగి ఏడాదైంది. దగ్గరి వరస దాకా వస్తుంది, అవతలి వరస దాకా రాదు. ముప్పై మంచాలకు ఇద్దరే నర్సులు. అవతలి వరసలో సూది వేసిన నర్సు నా దాకా నడిచి వచ్చే తీరిక లేక, సూదికి మూత పెట్టి ఏప్రన్ జేబులో వేసుకుంటుంది. జేబులోంచి ప్లాస్టిక్ చెత్త వేసే ఎర్రసంచిలోకి. ఒక్కోసారి మూత పెట్టడానికి కూడా చెయ్యి ఖాళీ ఉండదు. సూదిని పరుపు అంచుకు గుచ్చి, రోగి చేతిని దూదితో ఒత్తి, ప్లాస్టర్ వేసి, తర్వాత తీద్దామనుకుని మరిచిపోతుంది.

వాళ్లు చెడ్డవాళ్లని నేననను. నేను అనుమానపు దాన్నే గాని కళ్లు లేనిదాన్ని కాదు. సలోమి సిస్టర్ పద్దెనిమిదేళ్లుగా ఆ వార్డును నెత్తిన మోస్తోంది. అన్నం వేళ తప్పితే మధ్యాహ్నం మూడింటికి ముందు ఆమె కూర్చోగా నేను చూడలేదు.

పదకొండో రోజు నుంచి లెక్క కుదిరింది. నలభైకి నలభై, యాభైకి యాభై. ఎలా కుదిరిందో నాకు తెలుసు. షిఫ్టు దిగే ముందు సలోమి సిస్టర్ నా దగ్గరికి వచ్చి, వాడిన సిరంజీలెన్నో చూసి, అటూ ఇటూ చూసి, ఎన్ని తక్కువైతే అన్నిసార్లు ఉత్త పిడి నొక్కేది. టక్, టక్, టక్. చిల్లులో సూది ఉండదు, బ్లేడు గాలిని కోస్తుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఆ వేళ ఆమె నావైపు చూసేది కాదు.

అలా ఇరవై రెండు రోజులు లెక్క ఒక్కటీ తప్పలేదు. వేణుమాధవ్ సంబరపడ్డాడు. ఓదెలు మాత్రం మీటరు ముందు నిలబడి మీసం దువ్వుకుంటూ నాలుగైదుసార్లు చూసేవాడు. ఒకసారి నాతోనే అన్నట్టు గొణిగాడు. “లెక్క ఒక్కనాడన్న తప్పాలె. ఎన్నడు తప్పని లెక్క ఎవడో కూసోని రాసినదే.” ఆ మాటతో నాకు ఆయన మీద మొదటిసారి కొంత గౌరవం కలిగింది.

ఇరవై మూడో రోజు మంగళవారం. వాడినవి నలభై ఆరు, నేను మింగినవి ముప్పై తొమ్మిది. రెండు గంటలకు సలోమి వచ్చి ఏడుసార్లు ఉత్తగా నొక్కింది. మీటరు నలభై ఆరుకు వచ్చింది. ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

అప్పుడు భూలక్ష్మి వచ్చింది. కాంట్రాక్టరు కింద చెత్త ఎత్తే మనిషి, నలభై దాటిన వయసు. మంచాన పడ్డ మొగుడిని, అత్తను ఒక్కతే పోషిస్తోంది. ఎర్రసంచి మూతి ముడివేసి ఎత్తబోయి “అమ్మా” అని చెయ్యి వెనక్కి లాక్కుంది. సంచిలోంచి మూతలేని సూది పొడుచుకొచ్చి ఆమె కుడిచేతి చూపుడువేలిలో దిగి ఉంది. చేతికి గ్లౌజు ఉంది, ఉల్లిపొర లాంటిది. మందపాటి రబ్బరు గ్లౌజులు రెండు డజన్లు మేనేజరు బీరువాలో నా పాత చోటులోనే భద్రంగా ఉన్నాయి, తనిఖీకి.

ఆమె వార్డంతా ఒకసారి చూసింది. సూది పీకి, నేరుగా నా దగ్గరికి వచ్చి, చిల్లులో దూర్చి నొక్కింది. టక్. నలభై ఏడు. వేలును కుళాయి కింద పెట్టింది. తర్వాత కొంగున కట్టుకున్న చిన్న పొట్లంలోంచి పసుపు తీసి అద్దుకుంది. మళ్లీ వచ్చి సంచి ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆమె రక్తం నా పిడి మీద చిన్న మరకగా మిగిలింది. నాకు ఏడవడం చేతనైతే అప్పుడే ఏడ్చేదాన్ని.

భూలక్ష్మి ఎవరికీ ఎందుకు చెప్పలేదని మీరడగవచ్చు. కిందటేడు ఇదే పని చేసే రాజవ్వ అనే మనిషి సూది గుచ్చుకుందని చెప్పింది. జాగ్రత్త లేని మనిషి అని కాంట్రాక్టరు వారం తిరక్కుండా మాన్పించాడు. రిజిస్టరులో ఆ నెలా ‘ఏమీ లేవు’ అనే ఉంది.

మూడింటికి ఓదెలు వచ్చి మీటరు చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. భుజాన బ్యాగుతో బయల్దేరుతున్న సలోమిని పిలిచాడు.

“సిస్టరమ్మా, వాడినయి నలభై ఆరు. మీటరు నలభై ఏడంటున్నది.”

“ఎవరన్న రెండుసార్లు నొక్కి ఉంటరు సార్.”

“ఉత్తగ నొక్కిన్రంటవా?”

సలోమి చెయ్యి బ్యాగు పట్టీని గట్టిగా పట్టుకుంది. “నాకేం తెలుసు? నా డ్యూటీ అయిపోయింది” అని వెళ్లిపోయింది. ఓదెలు వంగి నా పిడి మీది మరకను చూశాడు. దూదితో తుడిచి, ఆ దూదిని రక్తపు చెత్త వేసే పసుపురంగు సంచిలో వేశాడు. వెంటనే చెత్త ఎత్తేవాళ్ల కోసం బయటికి పరుగెత్తాడు గాని వాళ్ల ఆటో అప్పటికే వెళ్లిపోయింది. ఫోను చేస్తే కాంట్రాక్టరు ఎత్తలేదు.

మర్నాడు పొద్దున చెత్త ఎత్తే నలుగురు ఆడవాళ్లనూ నా ముందుకు పిలిచాడు. సలోమి పక్కనే మందులు సర్దుతోంది.

“పోయినదానికన్న తక్కువొస్తే భయపడాలె. ఎక్కువొస్తే ఇంక ఎక్కువ భయపడాలె” అన్నాడు. “సంచిల సూది దొరికినోళ్లు తిట్టుకుంట తెచ్చి చూపిస్తరు. సప్పుడు చెయ్యకుండ ఏసిపోయిన్రంటే అది కుచ్చుకున్నట్టే. ఎవలకు కుచ్చుకున్నదో చెప్పున్రి. సూదితోని అంటే రోగానికి మందున్నది. మూడు రోజులల్ల మొదలువెట్టాలె, ఎంత ముందైతే అంత మంచిది. ఆ గడువు దాటినంక దేవుడొచ్చినా ఏం చెయ్యలేడు.”

భూలక్ష్మి అందరికన్నా ముందు గట్టిగా మాట్లాడింది.

“మాకేమైతది సార్? గ్లౌజులున్నయి గద.”

“నీ చెయ్యి సూపెట్టు బిడ్డా.”

“పసుపు దంచిన సార్ ఇంట్ల. గంతే.”

ఓదెలు అడుగు వెనక్కి వేశాడు. బలవంతంగా ఒప్పించేది కాదుగా అది. వేణుమాధవ్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. “ఓదెలు గారూ, శుక్రవారం తనిఖీ. మూడేళ్ల నుంచి మన దగ్గర ఒక్క ప్రమాదం లేదు. ఉన్న ప్రశాంతత చెడగొట్టకండి” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వును నేను మూడు దసరాలు చూశాను.

ఆ గదిలో నిజం రెండు ముక్కలై ఉంది. ఒక ముక్క భూలక్ష్మి వేలిలో, ఇంకో ముక్క సలోమి గుండెలో. అవతలి వరసలో మూతలేని సూది పరుపుకు గుచ్చి మరిచిపోయిందీ, తర్వాత దాన్ని దులిపి సంచిలో వేసిందీ సలోమే. ఏ మంచం దగ్గరో ఆమెకు తెలుసు. ఆ మంచం మీది మనిషి రక్తపరీక్షలో ఏముందో కూడా తెలుసు. ఆ వార్డులో అది తెలిసిన నర్సు ఆమె ఒక్కతే. నేను ఆమెనే చూస్తున్నాను. ఈమె చెప్పదు అనుకున్నాను. ఉత్త నొక్కులు నొక్కిన చెయ్యి నిజం ఎందుకు పలుకుతుంది?

మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నాల వేళ. సలోమి ట్రాలీ పక్కన బల్ల మీద టిఫిన్ డబ్బా విప్పింది. ఎదురుగా గోడవారన భూలక్ష్మి కూర్చుని తన డబ్బా తెరిచింది. పప్పన్నం. కుడిచెయ్యి ఒడిలోనే దాచుకుని, ఎడమచేత్తో మందు తాగే ప్లాస్టిక్ చెంచా పట్టుకుని తింటోంది. అన్నం చెంచాలోంచి జారి చీర మీద పడుతోంది. మెతుకులు ఏరుకోవడానికి కుడిచెయ్యి అలవాటుగా లేచి, సగంలో ఆగిపోయింది.

సలోమి ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. డబ్బా మూత పెట్టేసింది. లేచి వెళ్లి ఓదెలును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసి నా ముందు నిలబెట్టింది. నా పిడి మీద చెయ్యేసి నొక్కడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్. ఏడుసార్లు. చిల్లులో ఏమీ లేదు.

“రోజూ గిట్లనే చేసిన సార్. నిన్న గూడ ఏడుసార్లు ఉత్తగనే నొక్కిన. ఆ నలభై ఏడోది నేను నొక్కింది గాదు. ఆ ఎనిమిది నొక్కులల్ల అదొక్కటే నిజం సూది.” ఆమె భూలక్ష్మి వైపు తిరిగింది. “నేను ఏసిన సూదే సార్ అది. ఆ మంచం మీదామె రిపోర్టు మంచిగ లేదు. లేపున్రి ఆమెను. ఇప్పుడే తోలుకపోవాలె.”

భూలక్ష్మి చెంచా కింద పెట్టి గోడకు ఒదిగిపోయింది. “నాకేం కాలే సిస్టర్” అంటూనే ఏడ్చేసింది. సలోమి ఆమె పక్కన నేల మీద కూలబడి, పసుపు పూసిన ఆ వేలును తన రెండు చేతుల్లో పట్టుకుంది.

“నన్ను తీసేస్తరు సిస్టర్.”

“తీసేస్తే ఫస్టు నన్ను తియ్యాలె. లే.”

ముగ్గురూ ఆటోలో సర్కారు పెద్దాసుపత్రికి వెళ్లారు. మూడింటికల్లా మొదటి మాత్ర పడింది. సాయంత్రం ఓదెలు వచ్చి బీరువాలోంచి రిజిస్టరు తెప్పించాడు. వేణుమాధవ్ అడ్డం నిలబడి, శుక్రవారం అయ్యాక రాద్దామన్నాడు, బతిమాలాడు, చివరికి బెదిరించాడు. ఓదెలు ‘ఏమీ లేవు’ అని ముందే రాసి ఉన్న ఆ పేజీ మీద అడ్డంగా గీత గీసి జరిగిందంతా రాశాడు. సలోమి ఏడు ఉత్త నొక్కుల సంగతి తన చేత్తో రాసి సంతకం పెట్టింది. చదువుకున్నవాళ్ల చేతి నుంచి నిజం రాలడం నేను ఆ రోజే చూశాను.

తర్వాత ఓదెలు తన చొక్కా జేబులోంచి ఒక ఇత్తడి బిళ్ల తీశాడు. బావిలో ఆయన నంబరు బిళ్ల, అరిగి అంకెలు సగం పోయాయి. నా పైన గోడకున్న మేకుకు తగిలించాడు. భూలక్ష్మితో అన్నాడు. “నువ్విప్పుడు కిందున్నవు బిడ్డా. ఆర్నెల్లకు ఆఖరి పరీక్ష. మంచిగ పైకొచ్చినంక నీ చేత్తోని ఇది తియ్యాలె. అప్పటిదాక ఎవ్వలు ముట్టద్దు.”

శుక్రవారం తనిఖీ జరిగింది. ఆసుపత్రికి కావలసిన చీటీ వచ్చింది, దాన్ని గోడకు అంటించారు. ట్రాలీకి కొత్త చక్రం వేశారు. ఒక చక్రం వెయ్యడానికి ఒక మనిషి వేలు పొడిపించుకోవలసి వచ్చింది. మందపాటి గ్లౌజులు బీరువా దాటాయి. భూలక్ష్మిని తీసేద్దామని కాంట్రాక్టరు చూశాడు గాని, రిజిస్టరులో రాసిన పేరును మాన్పిస్తే ప్రశ్నలొస్తాయని భయపడ్డాడు. ఆ కాగితమే ఆమెకు కాపలా అయింది. ఓదెలుకు కాపలా ఎవరూ లేరు. నాలుగో నెలలో ‘మీ సేవలు చాలు’ అని శాలువా కప్పి పంపేశారు. పోతూ పోతూ ఆయన బిళ్ల వైపు చూశాడు, ముట్టుకోలేదు.

మందులు మింగిన నెలంతా భూలక్ష్మి వాంతులు చేసుకుంది, చిక్కిపోయింది. ఆ ఆర్నెల్లూ ఒక్కో రోజు మేకు కింద నిలబడి బిళ్లను చూసి వెళ్లేది. నాకు ప్రతిరోజూ భయమే. మనుషుల రిపోర్టులంటే నాకు నమ్మకం లేదని చెప్పానుగా.

ఆర్నెల్లు నిండాక ఒక మధ్యాహ్నం కాగితం పట్టుకుని వచ్చింది. సలోమి చదివింది, మళ్లీ చదివింది, కొంగుతో మొహం తుడుచుకుంది. భూలక్ష్మి చెయ్యెత్తి, కుడిచేతి చూపుడువేలితోనే మేకు మీది బిళ్లను తీసింది. తీసి కొంగున ముడివేసుకుని, పని కూడా దిగకుండా ఓదెలు ఇంటివైపు నడిచింది. ఆయన ఆ బిళ్లను ఎలా అందుకున్నాడో నేను చూడలేదు. అది చూడలేకపోవడం ఒక్కటే నా బతుకులో నాకున్న వెలితి.

ఆ సాయంత్రం షిఫ్టు దిగేముందు సలోమి నా దగ్గరికి వచ్చింది. వాడినవి నలభై నాలుగు. మీటరులో నలభై రెండు. ఆమె చెయ్యి పిడి దాకా వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. వార్డు మధ్యలో నిలబడి అందరికీ వినబడేలా “రెండు తక్కువ! దొరికేదాక ఎవరూ పోవద్దు” అని కేకేసింది. ఒకటి పరుపు అంచున, రెండోది కిటికీ గూట్లో దొరికాయి.

నా బ్లేడు మొద్దుబారింది. నా చోటుకు కరెంటుతో నడిచే కొత్తది వచ్చింది. అయితే మీటరు మాత్రం ఊడదీసి దానికి బిగించుకున్నారు. నేను ఈ గదిలో విరిగిన స్టాండుల మధ్య పడి ఉన్నాను. గోడ అవతల వార్డే. కొన్ని సాయంత్రాలు ఏమీ వినబడదు. లెక్క కుదిరిందన్నమాట, అప్పుడు నాకు పాత అనుమానం మళ్లీ తలెత్తుతుంది. కొన్ని సాయంత్రాలు మాత్రం సలోమి గొంతు గోడ దాటి వస్తుంది, “ఒకటి తక్కువ!” అని. ఆ రాత్రి నేను నిశ్చింతగా ఉంటాను.